ఏడో పేజీ పాప చెంప

నేను పనిచేసిన ప్రెస్సులో ఒక ఆచారం ఉండేది. అచ్చుకు వెళ్లే ప్రతి పేజీ అడుగున, ప్రూఫు దిద్దినవాళ్లు "చూశాను" అని రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఆ పేజీలో తప్పు దొరికితే అది కంపోజింగ్ వాళ్లది కాదు, మెషీన్ వాళ్లది కాదు, సంతకం పెట్టినవాళ్లది. ముప్పై ఏళ్ల పైచిలుకు నేను ఆ మాట రాశాను. మా చెల్లెలి పెళ్లి శుభలేఖ అడుగున కూడా అలవాటుగా రాసేస్తే మా నాన్న వారం రోజులు నవ్వాడు.

ఇప్పుడు అక్కడ కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "అమ్మా, మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద తప్పు ఏది?" అని అడుగుతుంటారు. పాటల పుస్తకంలో చరణాలు తారుమారైన సంగతో, క్యాలెండరులో ఆదివారం రెండుసార్లు వచ్చిన సంగతో చెబుతానని వాళ్ల ఆశ. అవీ జరిగాయి, జరగలేదని అనను. కానీ నేను చెప్పబోయే తప్పులో ఒక్క అక్షరం కూడా పొల్లుపోలేదు. అందుకే అది పెద్ద తప్పు. ప్రూఫు దిద్దే ఉద్యోగంలో ఉన్నవాళ్లు కొంచెం నిమ్మళంగా వినండి.

మాది ఖమ్మంలో చిన్న ప్రెస్సు. క్రైస్తవ సంఘాలకు కావలసిన పాటల పుస్తకాలు, సండే స్కూల్ పాఠాలు, గోడ క్యాలెండర్లు వేసేవాళ్లం. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు మాత్రం బయటి నుంచి వచ్చేవి. వాటిలో పిల్లలందరికీ బంగారు జుట్టు, ఉన్ని టోపీలు, కాళ్ల కింద మంచు. మా మే నెల ఎండలో ఆ పుస్తకాలు చూపించి, "చూడండర్రా, దేవుడు మిమ్మల్ని ఎంత అందంగా చేశాడో" అంటే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. మన పిల్లలకు మన పుస్తకం కావాలని టీచర్లు అడిగీ అడిగీ విసిగిపోయాక, ఆ పని నా నెత్తిన పడింది. నేనే రాశాను. పదహారు పేజీలు. ఒక్కో పేజీలో ఒక్కో బొమ్మ, దాని కింద ఒక్కో వాక్యం. "నీ నవ్వు లాంటి నవ్వు నీకే ఉంది." "నీ అడుగు లాంటి అడుగు నీకే ఉంది." ఏడో పేజీలో పెద్దగా ఒక పాప ముఖం, దాని కింద "నీ ముఖం దేవుడు ఒక్కసారే చేశాడు."

బొమ్మలు వేసినాయనది కుసుమంచి. అంతకుముందు దుకాణాల బోర్డులు, ట్రాక్టర్ల నంబరు ప్లేట్లు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక మా దగ్గర చేరాడు. చెయ్యి మంచిది, మనసు అంతకన్నా మంచిది. ఒక్కటే లోపం, ఆయన ఏ పాపను గీసినా వాళ్ల చిన్నమ్మాయి లాగే వచ్చేది.

"ఏందయ్యా, ఒక్కొక్కరూ ఒక్కోలా ఉండాలని నేను రాస్తే, అందరికీ ఒకటే ముక్కు పెట్టావు?" అన్నాను.

"జుట్టు వేరే వేరే పెట్టిన గదమ్మా!" అన్నాడు చిన్నబుచ్చుకుని.

గడువు ముంచుకొస్తోంది, నేను ఊరుకున్నాను. దేవుడికి కుదిరింది మా ఆర్టిస్టుకు కుదరాలంటే ఎలా?

అచ్చు నడిచేది మా మెషీన్ పెద్దాయన చేతి మీద. బోనకల్ వైపు మనిషి. ఏడాదికోసారి భద్రాచలం వెళ్లి రాములవారి దర్శనం చేసుకుని, మాకందరికీ ప్రసాదం తెచ్చి పెట్టేవాడు. పిల్లల పుస్తకం వేస్తున్న రోజుల్లో, తడి ఆరని కాగితం ఒకటి పట్టుకుని చదివి, "చేసినోడు ఎవరైనా చెయ్యి తిరిగినోడమ్మా" అన్నాడు. ఆ మాట నాకు మా మేనేజరుగారి మెప్పు కంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

ఆ కాగితంలోనే ఆయనకు ఒక మచ్చ కనబడింది. ప్లేటు తీసేటప్పుడు ఫిల్ము మీద దుమ్ము రేణువు ఒకటి కూర్చుంది. ఏడో పేజీ పాప ఎడమ చెంప మీద పెసరగింజంత నల్లటి మచ్చ. అప్పటికే సగం కాపీలు అచ్చయిపోయాయి. నేను పరుగెత్తుకెళ్లి, ఆ ప్లేటుతోనే తీసిన నా ప్రూఫు చూసుకున్నాను. దాంట్లోనూ ఉంది మచ్చ, పాప చెంప మీద నన్ను వెక్కిరిస్తూ. పేజీ అడుగున నా చేతిరాతతో "చూశాను." నేను చూసింది ఆ బొమ్మ కింది ఐదు మాటలు. అక్షరాలకు తలకట్లున్నాయా, దీర్ఘాలున్నాయా అని చూశాను. ముఖాల గురించి రాసిన పుస్తకంలో ముఖం చూడలేదు.

మెషీన్ ఆపి, ప్లేటు మీద మచ్చ చెరిపి, మిగతా సగం శుభ్రంగా వేశారు. మచ్చ పడ్డ సగం ఏం చెయ్యాలి? దానికి మా దగ్గర ఇంకో ఆచారం ఉండేది, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన ఆచారం. మంచి కాపీల కట్టలకు తెల్లదారం కట్టేవాళ్లం. మరకలు పడ్డవి, వంకరగా కోసినవి, రంగు చెదిరినవి ఎర్రదారంతో కట్టి పక్కన పెట్టేవాళ్లం. తెల్లదారం కట్టలు టౌను సంఘాలకు, పుస్తకాల దుకాణాలకు వెళ్లేవి. ఎర్రదారం కట్టలు అడవి లోపలి సంఘాలకు ఉచితంగా వెళ్లేవి.

మా మేనేజరుగారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మెత్తని మనిషి. "ఏమండీ, పారేస్తే పాపం. లోపలి పిల్లలకు పంపించెయ్యండి, వాళ్లకు ఇదే పండగ" అన్నారు. నేను కాదనలేదు. పైగా, "వాళ్లంతగా ఏం చూస్తారు లెండి" అని కూడా అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి మీదైనా నెడదామంటే ఎవరూ దొరకడం లేదు.

రెండు నెలలకు నాకు ఫోన్ వచ్చింది. పినపాక దాటి లోపలికి వెళితే ఒక గూడెం, అక్కడి పాస్టరుగారి భార్య. అందరూ పాస్టరమ్మ అంటారు. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో నాకు ముందు అర్థం కాలేదు.

"అమ్మా, వందనాలమ్మా. మా పిల్ల సంగతి మీకెట్ల ఎరుకయింది? ప్రార్థనల కనబడ్డదా మీకు?"

ఏ పిల్ల అని అడిగితే చెప్పుకొచ్చింది. ఆ గూడెంలో ఆరేళ్ల పిల్ల ఒకతి అవ్వ దగ్గర ఉంటోంది. ఎడమ చెంప మీద పెద్ద పుట్టుమచ్చ. మణుగూరు బొగ్గు లారీలు తిరిగే దారి కదా, బడిలో పిల్లలు "బొగ్గు చెంప, బొగ్గు చెంప" అని ఏడిపించేవాళ్లు. ఈమె బడికి వెళ్లడం, మధ్యాహ్నం లోపే పారిపోయి రావడం. ఎక్కడ కూర్చున్నా ఎడమ చెయ్యి చెంప మీదే ఉండేదట, పంటినొప్పి ఉన్నట్టు. రెండుసార్లు పేరు రాయించినా చదువు సాగలేదు. ఇంక మేకల వెంట పంపుతానని అవ్వ తీర్మానం చేసేసింది.

"మీ బుక్కు ఇస్తే బోర్ల పండుకొని ఒక్కొక్క పేజీ తిప్పిందమ్మా. ఏడో పేజీకాడ ఆగింది. లేచి ఉరికింది ఇంటికి, 'అవ్వా, నేను బుక్కుల ఉన్న' అనుకుంట! తెల్లారి బడికి తానే పోయింది, బుక్కు పట్టుకొని. నెలాయె, ఒక్క పూట ఎగ్గొట్టలే. మీరు గంత దూరాన కూసొని మా పిల్లను ఎట్ల గీసిన్రు?"

అది మేము గీసింది కాదమ్మా, దుమ్ము పడింది, మీకు వచ్చింది చెడిపోయిన కాపీ అని ఆ క్షణాన చెప్పాలి. నేను గొంతు సవరించుకుని, "అంతా దేవుని కృపమ్మా" అన్నాను. భక్తిమాటలు కొన్నిసార్లు దాక్కోవడానికి ఎంత మంచి చాటో మీకు వయసు మీదపడ్డాక తెలుస్తుంది.

వానలు పడ్డాయి. గుడిసె కారి ఆ పిల్ల పుస్తకం ముద్దయిపోయిందని, కొత్తది తెచ్చిపెట్టమని పాస్టరమ్మ మళ్లీ ఫోన్ చేసింది. సరిగ్గా అప్పుడే మా దగ్గర కాపీలు అయిపోయి రెండోసారి అచ్చు వేస్తున్నాం. నేను ఈసారి పట్టుబట్టి మేనేజరుగారితో, "అడవికి కూడా తెల్లదారమేనండీ. నేనే స్వయంగా తీసుకెళతాను" అన్నాను. "మీ ఇష్టమండీ" అన్నారు. మెషీన్ పెద్దాయన, "ఈసారి రేణువు పడితే నా మీసం తీస్త" అన్నాడు. నేను భూతద్దం పెట్టి ఏడో పేజీ వెతికాను. మచ్చ లేదు. "చూశాను" అని ఎంత గర్వంగా రాశానో!

ఆ పిల్లను మరిచిపోయావా అని మీరు అడుగుతారు. మరిచిపోలేదు. నా బుర్రలో పిల్ల సంగతి ఒక అరలో ఉంది, నా తప్పు సంగతి ఇంకో అరలో ఉంది. రెండూ ఒకటేనన్న ఆలోచన ఖమ్మంలో బస్సెక్కినప్పుడు గానీ, మణుగూరులో దిగి ఆటో మాట్లాడుకున్నప్పుడు గానీ రాలేదు. మంచి కాపీ తీసుకెళుతున్నానన్న సంబరమే ఒళ్లంతా.

ఆదివారం ఆరాధన అయ్యాక, రేకుల షెడ్డులో పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టారు. ఆ పిల్ల ముందు వరసలో ఉంది, నూనె రాసి దువ్విన తల, ఎర్ర రిబ్బన్లు. నా కోసం ముస్తాబయింది. ఇతరుల లోపాలు తేరిపార చూడకూడదని మా అమ్మ చిన్నప్పటి నుంచి నేర్పింది. అందుకని నేను ఆమె రిబ్బన్లు చూశాను, గౌను చూశాను, చెంప వైపు మాత్రం చూపు పోనివ్వలేదు. మర్యాద పాటిస్తున్నానని అనుకున్నాను.

పుస్తకం ఇచ్చాను. పిల్ల వేలు పెట్టి పేజీలు లెక్కబెట్టుకుంటూ ఏడో పేజీకి వెళ్లింది. ఆగింది. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. వేలు నాలుకకు తడి చేసుకుని పాప చెంప మీద రుద్దింది, పైన ఏదో పూత ఉంటే పోతుందేమోనని.

"ఈ బుక్కుల నేను లేను" అంది.

ఆమె తలెత్తి నన్నే అడిగింది: "తుడిచిన్రా?"

నా ముప్పై ఏళ్ల అలవాటు నా నోట్లోంచి మాట్లాడింది. "అది తప్పు అమ్మా. అచ్చులో తప్పు పడింది. ఇప్పుడు సరిచేశాం. చూడు, ఎంత శుభ్రంగా ఉందో!"

మాట పెదవి దాటాక తెలిసింది ఏమన్నానో. పిల్ల పుస్తకం మూసి చాప మీద పెట్టింది. ఎడమ చెయ్యి లేచి చెంప మీదికి వెళ్లింది. అట్లాగే లేచి, ఎవరి కాలూ తొక్కకుండా నడిచి, బయటికి వెళ్లిపోయింది.

పాస్టరమ్మ నాకు అన్నం పెట్టింది. మర్యాద తక్కువ చెయ్యలేదు. చారు పోస్తూ మాత్రం, "గట్ల అన్నరేందమ్మా" అంది మెల్లగా. అప్పుడు చెప్పాను అంతా. దుమ్ము రేణువు, నేను చూడకుండా పెట్టిన సంతకం, ఎర్రదారం, "వాళ్లంతగా ఏం చూస్తారు" అన్న మాటతో సహా. చెబుతూ ఏడ్చాను. అన్నం ముందు పెట్టుకుని ఏడవకూడదంటారు, కానీ ఆగలేదు.

ఆమె తిడుతుందనుకున్నాను. చారు గిన్నె కింద పెట్టి, "మన్నుతోటే గద ఆయన మనిషిని చేసింది. దుమ్ముతోటి ఒక మచ్చ చెయ్యలేడా?" అంది. ఊరట పడబోయేలోపే ఇంకో మాట అంది. "ఆయన జేసిండు. మీరు తుడిచిన్రు. గంతే."

వారం తిరిగేసరికి ఫోన్. పిల్ల బడి మానేసింది. అవ్వ మేకలను అప్పజెప్పింది.

నేను మేనేజరుగారి గదిలోకి వెళ్లి, ఏడో పేజీ ఉన్న కాగితం మళ్లీ అచ్చు వెయ్యాలి, పాప చెంప మీద మచ్చతో వెయ్యాలి అన్నాను. ఆయన కళ్లజోడు తీసేశారు.

"కావాలని మచ్చ వేస్తామా అండీ? దుకాణాలవాళ్లు చెడిపోయిన కాపీలని తిప్పి పంపుతారు."

"పంపితే నా టేబులు మీద పెట్టండి. మచ్చ తప్పు కాదని ఒక్కొక్కరికీ నేనే ఉత్తరం రాస్తాను."

"మీరు దిద్దేవాళ్లా, పాడుచేసేవాళ్లా?" అన్నారు గానీ, ఆయన పెదవి చివర నవ్వు ఉంది. ఒప్పుకున్నారు.

మెషీన్ పెద్దాయన, "తియ్యమంటే తీస్తిని, ఇప్పుడు పెట్టమంటే మళ్లీ దుమ్ము ఎక్కడ తేవాలె?" అని ఆటపట్టించాడు. మా ఆర్టిస్టు మాత్రం నవ్వలేదు. కుంచె పట్టుకుని, "మచ్చ ఎట్ల ఉంటదో చెప్పమ్మా" అన్నాడు.

ఎట్లా ఉంటుంది? ఆ పిల్ల పాపిట తెలుసు, రిబ్బన్లు తెలుసు. చెంప తెలియదు. "గుండ్రంగా... ఉంటుంది" అన్నాను. ఆయన శ్రద్ధగా గుండ్రంగా వేశాడు. అది వేస్తూ, నేను అడగకుండానే ముక్కు కూడా మార్చాడు. "ఈ పిల్ల మా పిల్ల కాదు గదమ్మా" అన్నాడు. పుస్తకం మొత్తంలో వాళ్ల చిన్నమ్మాయిలా లేని ముఖం అదొక్కటే.

వరికోతలు అయ్యేనాటికి మళ్లీ వెళ్లాను. అవ్వ గుమ్మంలో కూర్చుని చేటలో వడ్లు చెరుగుతోంది. పిల్ల గోడ వైపు ఎడమ చెంప పెట్టి కూర్చుంది, ఒళ్లో మేకపిల్ల. నేను కింద మట్టిలో కూర్చున్నాను. ఈసారి పుస్తకం ముందు తియ్యలేదు.

"నేను ఆనాడు చెప్పింది తప్పమ్మా. మచ్చ తప్పు కాదు. దాన్ని తుడవడం తప్పు. ఆ తప్పు నాది" అన్నాను.

సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చాను. మేకపిల్లను దించి, ఏడో పేజీ తీసింది. బొమ్మలోని మచ్చ మీద వేలు పెట్టింది. చుట్టూ తిప్పి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"గిది నేను గాదు."

ఇంత చేసి, మళ్లీ తప్పే.

"గిది గుండ్రంగున్నది" అంది. "నాది గిట్లుండదు."

"మరి ఎట్లా ఉంటుందమ్మా?"

పిల్ల నా వంక వింతగా చూసింది. "నువ్వు సూడలే?"

అవ్వ చేట ఆపి, ఫక్కున నవ్వింది. "ఏంది, గింత దూరం రెండుసార్లొచ్చి పిల్ల మొఖమే సూడలేదా పుస్తకాలమ్మ?" అని, ఆ మాట లోపలున్న ఎవరికో వాళ్ల భాషలో చెప్పి మళ్లీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"రేపు బుక్కు బడికి పట్కపోత" అంది పిల్ల. "మా సారుకు సూపిస్త. గీ పిల్లది వేరే, నాది వేరే. నా అసొంటిది ఏ బుక్కుల లేదని చెప్త."

అలా అంటూ చెంప మీంచి చెయ్యి తీసేసింది. మోకాళ్ల మీద జరిగి నా దగ్గరికి వచ్చి, ఎడమ చెంప వెలుతురుకు తిప్పింది. నా కళ్లజోడుకు తగిలేంత దగ్గరగా తెచ్చింది.

"సూడు. మంచిగ సూడు."

కంటి కింద వెడల్పుగా మొదలై, చెవి వైపు సన్నగా సాగి, దవడ దగ్గర మూడు చుక్కలుగా విడిపోయింది. మధ్యలో ఒకచోట మామూలు చర్మం చింతగింజంత మిగిలి ఉంది. నల్లగా కాదు, కాచిన బెల్లం రంగు. మీద సన్నని నూగు ఉంది. అంచు వెంట ఎక్కడా తొందర లేదు. అంత పనితనం నేను చదివిన ఏ పేజీలోనూ లేదు.

చాలాసేపు అయినట్టుంది. పిల్లకు మెడ నొప్పి పుట్టి, "సూసినవా?" అని అడిగింది.

"చూశాను" అన్నాను.